బోనాలు, బతుకమ్మ: అపోహలు – వాస్తవాలు

హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే దారిలోనే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పెద్ద ప్రయోగశాలలు ఉన్నాయి. ఆ పక్కనే నాచారం, ఉప్పల్ బస్తీల్లో ఆషాఢం రాగానే డప్పులు మోగుతాయి. ఫోన్లలో సందేశాలూ మోగుతాయి. ప్రతి ఆచారం వెనకా సైన్సు ఉందని కొందరు పంపితే, అంతా మూఢనమ్మకమేనని ఇంకొందరు పంపుతారు. వాటిలో తరచూ కనిపించే కొన్ని మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఆషాఢం అశుభ మాసం.
వాస్తవం: ఈ నెలలో పెళ్లి ముహూర్తాలు పెట్టరు, నిజమే. తొలి ఏకాదశి, గురుపౌర్ణమి, పూరీ జగన్నాథ రథయాత్ర వచ్చేది ఆషాఢంలోనే. గోల్కొండ జగదాంబకు తొలి బోనం ఎత్తేదీ ఈ నెలలోనే. అశుభమైతే అమ్మవారి పండుగకు ఈ నెలనే ఎంచుకుంటారా?

అపోహ: బోనాలు 1813లో సికింద్రాబాద్‌లో పుట్టాయి.
వాస్తవం: ఆ ఏడాది మహమ్మారి వ్యాపించినప్పుడు, సైన్యంతో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. అది లష్కర్ అని పిలిచే సికింద్రాబాద్‌లోని గుడి కథ. పోచమ్మకు, ఎల్లమ్మకు బోనం పెట్టడం తెలంగాణ పల్లెల్లో ఊరూరా ఉన్న ఆచారం. అలాంటి ఊళ్లలో ఒకటైన ఉప్పల్ కలాన్ నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిసింది 2007లో. పల్లెలు నగరంలో కలిసినా గ్రామదేవతలు కదల్లేదు.

అపోహ: బోనం కుండలో మాంసం, కల్లు ఉంటాయి.
వాస్తవం: కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగిస్తారు. లోపల ఉండేది అన్నం. పాలు, బెల్లం వేసి వండేవాళ్లున్నారు, పెరుగన్నం పెట్టేవాళ్లున్నారు. కోడినో యాటనో కోసేది వేరే మొక్కు. అది లేకుండా బోనం తీసేవాళ్లు చాలామంది.

అపోహ: పోతరాజు రాక్షసుడు.
వాస్తవం: ఆయన అమ్మవారి తమ్ముడు. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడాతో ఊరేగింపు ముందు నడుస్తూ అక్కకు కాపలా కాస్తాడు.

అపోహ: వేపాకు, పసుపు ఊళ్లోంచి రోగాలను తరిమాయి.
వాస్తవం: వేపలో సూక్ష్మక్రిములపై పనిచేసే గుణం కొంత ఉంది. అంతమాత్రాన గుమ్మానికి కట్టిన మండ కలరాను ఆపదు. కలరా పాకేది కలుషిత నీళ్ల వల్ల, తగ్గింది మంచినీళ్ల వల్ల. మశూచిని టీకా తరిమింది. 1977లో మన దేశం, 1980లో ప్రపంచం దాని పీడ వదిలించుకున్నాయని ప్రకటించారు. ఇప్పటికీ పిల్లలకు ఆటలమ్మ పోస్తే పక్కలో వేపాకు పరుస్తాం. పరవండి, కానీ జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: బతుకమ్మ పూలు చెరువును శుద్ధి చేస్తాయి.
వాస్తవం: సిబ్బిలో గుమ్మడాకు పరిచి తంగేడు, గునుగు, బంతి వరసలు పేరుస్తారు. ఇవి నీళ్లలో కుళ్లిపోయే పూలే. అలా కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును కొంత వాడుకుంటాయి. పెద్ద చెరువు నిండుగా ఉంటే ఆ భారం ఓ లెక్క కాదు. మురుగు కలిసే చెరువును మాత్రం ఏ పువ్వూ బాగుచేయలేదు, మురుగును దారి మళ్లించడమే మందు. గునుగుకు అద్దే రసాయన రంగులూ, అలంకారానికి వాడే థర్మాకోలూ మానేస్తే చెరువుకు ఇంకొంచెం మేలు.

పండుగకు సైన్సు సర్టిఫికెట్ అక్కర్లేదు. వానలు పడాలని, పిల్లలు చల్లగా ఉండాలని ఊరంతా కలిసి మొక్కుకోవడానికి వేరే కారణం ఎందుకు? అయితే లేని మహిమను అంటగడితే, అది తప్పని తేలిన రోజు పిల్లలు పండుగనే కొట్టిపారేస్తారు. మొక్కు తీర్చుకోండి, టీకా వేయించుకోండి. ఒకదానికొకటి అడ్డం కావు.