పిల్లల చేతికి మన జిల్లా బొమ్మలు

గత వేసవి సెలవుల బైబిలు బడికి ముందు సంఘ పెద్దల కూటములో మేము ఒక మాట పెట్టాము. ఈసారి పిల్లలకు బహుమానాలుగా పెన్సిళ్లు, స్టీలు గ్లాసులు వద్దు, మన జిల్లా సంగతులతో బొమ్మల కార్డులు చేయించి పంచుదాము అన్నాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దాయన మెల్లగా, "కార్డులంటే... పేకలా అయ్యగారూ?" అని అడిగారు.

అందరూ నవ్వారు గాని, ఆ భయము ఊరకనే పుట్టినది కాదు. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇండ్లు మన గ్రామాల్లో లేవని ఎవరూ అనలేరు. పైగా మేము ఎంచుకున్న కొలత కూడా సరిగ్గా పేకముక్కదే. 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు. చిన్న చేతిలో ఇమిడే కొలత అది, జేబులో నలగదు. ప్రెస్సుల దగ్గర కోత అచ్చులు కూడా ఆ కొలతకే సిద్ధంగా ఉంటాయి. పెద్దాయన ఒప్పుకున్నారు, కాని "వెనుక వైపు పూల డిజైను మాత్రం వద్దు" అని షరతు పెట్టారు. అది మంచి షరతే.

పాఠకులలో పెద్దవారికి సండే స్కూలు బొమ్మ కార్డులు జ్ఞాపకం ఉండవచ్చును. ముందు రంగుల బొమ్మ, వెనుక పాఠము. సుమారు నూరేండ్ల క్రితమే అమెరికాలోని ప్రావిడెన్స్ లితోగ్రాఫ్ కంపెనీ ఇటువంటి బైబిలు కార్డులను రంగుల్లో అచ్చువేసేది. సేకరించి మార్చుకునే కార్డుల పుట్టుక మాత్రం అంత పవిత్రమైనది కాదు. 1880లలో అమెరికా సిగరెట్టు కంపెనీలు పెట్టె వంగకుండా లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టేవి. దానిమీద బొమ్మ వేస్తే పిల్లలు తండ్రుల వెంటబడి మరీ పెట్టెలు కొనిపించేవారు. ఇంటింటా బీడీలు చుట్టే మన జిల్లాలో ఈ సంగతి విని తల్లులు తల ఊపారు. మా చిన్నతనములో మేము అగ్గిపెట్టె బొమ్మలు ఏరుకున్నాము, బబుల్‌గమ్ కొంటే వచ్చే క్రికెట్ ఆటగాళ్ల కార్డుల కోసం గొడవపడ్డాము. కాబట్టి పిల్లల స్వభావము మాకు తెలియనిది కాదు.

మేము అనుకున్నవి 16 కార్డులు. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్. బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ, అది 2015లో మూతపడిన సంగతితో సహా. పసుపు కొమ్ము. నిర్మల్ నకాషీలు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించబడిన మెదక్ చర్చి. డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రి. మిగిలినవి చెరువులు, పంటలు, పక్షులు. ఒక్కో బిడ్డకు 4 కార్డులే ఇస్తాము. తక్కినవి కావాలంటే ఇతర గ్రామాల పిల్లల దగ్గర మార్చుకోవాలి. తండా పిల్లలు, వాడ పిల్లలు, రోడ్డు మీది ఇండ్ల పిల్లలు ఒకరి గుమ్మములోకి ఒకరు పోవాలన్నది మా ఉద్దేశము.

ఇక అచ్చు సంగతి. ఇంటర్నెట్టులో కార్డులు అచ్చువేసి కొరియరులో పంపే సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వారి పేజీ తెరిచి, బొమ్మ ఎక్కించి, పేరు రాసి, డబ్బు కడితే వారములో ఇంటికి వస్తుంది. చాలా సులువని మేమూ అనుకున్నాము. మొదటి సెట్టు వచ్చిన రోజు పార్సిలు విప్పి చూస్తే ధర్పల్లి కాస్తా "ధర్‌పల్‌లి" అయింది. ప్రతి ఒత్తూ ఊడి పక్కకు వచ్చి కూర్చుంది. పసుపు కొమ్ము మట్టిరంగుకు తిరిగింది. నిజాంసాగర్ గేట్లలో సగము కత్తిరింపులో పోయాయి.

తప్పులు మావే, అందుకే ఇతర సంఘాలవారి కొరకు రాస్తున్నాము. పట్టణములో డి.టి.పి. చేసేవారు వాడే అను అక్షరాలు ఆ పేజీల్లో పెడితే పిచ్చిగీతలవుతాయి. యూనికోడ్‌లోనే టైపు చేయాలి. మండలి, రామభద్ర వంటి అక్షరాలు ఉచితముగా దొరుకుతాయి. అయినా కొన్ని పేజీలకు మన ఒత్తులు పేర్చడము రాదు. అందుచేత కార్డును మన కంప్యూటరులోనే పూర్తి చేసి, అక్షరాలు లోపలే ఇమిడిన పి.డి.ఎఫ్.గా పంపడము క్షేమము. బొమ్మ కార్డు అంచు దాటి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే కట్టలు కట్టలుగా కోసేటప్పుడు కత్తి కొంచెము అటూఇటూ పోతుంది. పేర్లు మాత్రం అంచుకు అంతే దూరము లోపల ఆగాలి. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఈ కొలతకు సుమారు 750కి 1050 చుక్కలైనా ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటో తెరమీద బాగానే కనబడి కాగితము మీద మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి. రంగుల సంగతికి వస్తే, తెర వెలుగుతో చూపేది వేరు, సిరా చూపేది వేరు. పసుపు రంగును రెండుసార్లు సరిచేయవలసి వచ్చింది. అన్నిటికన్నా ముందు ఒక్క సెట్టే తెప్పించుకొని చూడండి. మేము తొందరపడి వందల్లో ఆర్డరిచ్చాము.

అయితే ఆ పార్సిలు వల్ల ఒక మేలు కలిగింది. డిచ్‌పల్లి కార్డు మా చేతిలోనే ఆగింది.

స్కాట్లండు నుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద మొత్తము ఇచ్చినది రాజా నర్సాగౌడ్ గారు, ఆయన హిందువు. చాల్‌మోగ్రా నూనె సూదులతో అక్కడ వైద్యము జరిగేది. ఇదంతా కార్డు వెనుక రాశాము. ముందు వైపున ఎవరి ఇంటిలోనో దొరికిన పాత ఫోటో వేశాము. ఆసుపత్రిలో ఉండి వైద్యము చేయించుకునేవారు వరుసగా నిలబడిన ఫోటో అది. అరవై ఏండ్ల క్రితపుది, ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాము.

ఆ సాయంకాలము ఒక వృద్ధుడు మా ఇంటికి వచ్చి పార్సిలులోని కార్డులు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగారు. రెండవ వరుసలోని పిల్లవానిమీద వేలు పెట్టి, "ఇది నేనే అయ్యగారూ" అన్నారు.

మేము సంతోషించబోయాము. ఆయన ముఖము చూసి ఊరుకున్నాము.

"మా మనుమరాలికి సంబంధం చూస్తున్నం. ఈ ముక్క ఇంటింటికి తిరుగుతది గద" అన్నారు. ఆ జబ్బు మందులతో పూర్తిగా నయమవుతుందనీ, అందులో సిగ్గుపడవలసినది లేదనీ మేము చెప్పబోయాము. "మీకెరుకే, నాకెరుకే. పిల్లను చూడొచ్చెటోళ్లకు ఎరుకుండాలె గద" అన్నారు. కుష్ఠువ్యాధి విడాకులకు కారణమన్న మాటను మన వివాహ చట్టాల నుండి తీసివేసినది 2019లోనే. అంతవరకు చట్టమే ఆ మాట అంటూ ఉంటే, పెండ్లిచూపులకు వచ్చినవారిని ఏమనగలము?

"దవఖాన పేరు పెట్టుండ్రి, దొరసాని పేరు పెట్టుండ్రి, సూది బొమ్మ పెట్టుండ్రి. నా ముఖం వద్దు" అని చెప్పి వెళ్లారు. ప్రభువు కుష్ఠరోగిని ముట్టిన తరువాత ఈ సంగతి ఎవరితోనూ చెప్పవద్దన్నాడు. మార్కు మొదటి అధ్యాయములోని ఆ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ రాత్రి దానిని తిరిగి చదువుకున్నాము.

అమెరికాలో హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. 1909 ప్రాంతములో సిగరెట్టు పెట్టెల్లో తన బొమ్మ వేయవద్దని కంపెనీవారిని ఆపించాడు. పిల్లలు పొగాకు కొనడము ఇష్టము లేక అని కొందరు, డబ్బు ఇవ్వనందుకని కొందరు అంటారు. అప్పటికే బయటికి పోయిన కొద్ది కార్డులలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. వద్దన్న ముఖానికే అంత ధర పలికింది. ఇది చదివినప్పటి నుండి, మా డిచ్‌పల్లి కార్డులు ఒక్కటీ బయటికి పోలేదని మేము రెండుసార్లు లెక్కపెట్టి చూసుకున్నాము. అన్నీ ఉన్నాయి. చింపి పొయ్యిలో వేశాము.

కొత్త కార్డు మీద గాజు సూది, చాల్‌మోగ్రా కాయ ఉన్నాయి. బొమ్మ గీసినది మా సండే స్కూలులో పదవ తరగతి చదివే అమ్మాయి. ముద్ర వేయకముందు ఆ వృద్ధునికి చూపించాము. కాయ బొమ్మ ఇంకొంచెము గుండ్రముగా ఉండాలన్నారు, సరిచేశాము.

మిగిలిన తప్పు కార్డులను పారవేయడానికి మనసొప్పక బడి చివరి రోజున పిల్లలకు అలాగే ఇచ్చాము. ఇప్పుడు వారిలో ఒక "ధర్‌పల్‌లి"కి మూడు మంచి కార్డులు పోతున్నాయట. డిచ్‌పల్లి తప్పు కార్డు ఎందుకు దొరకదని ఒక తండా పిల్లవాడు మొన్న వచ్చి అడిగాడు. అది అచ్చు కాలేదని అబద్ధము చెప్పలేక, మా దగ్గర లేదని మాత్రం చెప్పి పంపించాము.