వార్తల్లో పదం: పొడిగింపు వారంటీ

కొత్త కారునకు తయారీదారు ఇచ్చిన హామీ ముగియుటకు పూర్వమే, అదనపు రుసుము గైకొని, ఆ గడువును మరికొంత కాలమునకు పెంచు ఒప్పందమే పొడిగింపు వారంటీ. 2024 జూలైలో మారుతి సుజుకీ తన ప్రాథమిక హామీని 2 సంవత్సరములు లేదా 40,000 కిలోమీటర్ల నుండి 3 సంవత్సరములు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచినది. వీనిలో ఏది ముందు పూర్తియైన దానితోనే గడువు తీరును.

హామీ ఇంకను మిగిలియున్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నవానికి ఈ గడువు తీరువేళనే అసలు సందిగ్ధము: ఉంచుకొనవలెనా, అమ్మివేయవలెనా? హామీ ముగిసిన మరునాడే బండి మొరాయించునన్న భయము, నా మతమున, పొడిగింపును అమ్మువారికే లాభదాయకము. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపరు బ్లేడ్లు మున్నగు అరిగిపోవు భాగములకు హామీ ఉన్న దినములలో సైతము సాధారణముగా యజమానియే సొమ్ము చెల్లించుచుండెను గదా! గేరు మార్చునపుడు కుదుపు, ఇంజను అడుగున ఆయిలు మరక, స్టీరింగు తిప్పునపుడు కటకట శబ్దము పొడసూపినచో మాత్రము, గడువు ఇంకను మిగిలియుండగనే అధీకృత సర్వీసు కేంద్రమునకు కొనిపోయి, జాబ్ కార్డుపై ఆ ఫిర్యాదును స్పష్టముగా వ్రాయించి, దాని ప్రతిని భద్రపరచుకొనుట వివేకము.

దీర్ఘకాలము ఉంచుకొనదలచినవారు మరియొక లెక్కయు వేయవలెను. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గినచో 5 ఏండ్లకు పునరుద్ధరింతురు. 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000 రూపాయలకు ఎగబ్రాకిన ఈ పునరుద్ధరణ రుసుమును, 20 ఏండ్లు దాటిన కార్ల విషయమున, 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసిరి.