పగడపు ఇంటిలో బూజు

ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టిన కోడలిని అత్తగారు ఎందుకు కసురుకుంటుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఉప్పు, కారము, నూనె ఇన్ని కాపలా ఉన్నా ఏ మూలనుండో బూజు వచ్చి చేరుతుంది. అటువంటి బూజు ఉప్పుసముద్రములో, పగడపుదిబ్బల లోపల కాపురమున్నదంటే వింత లేదు. పగడము తాళలేని వేడిని ఆ బూజులలో కొన్ని తాళుకొనగలగటమే వింత.

పగడమంటే ఇక్కడ నవరత్నములలోని ఎఱ్ఱపూస కాదు. తమిళనాట మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములలోను దిబ్బలు కట్టే పగడము. చిన్న చిన్న ప్రాణులు వేలకొలదిగా చేరి సున్నపు గూళ్లు కట్టుకుంటవి. వాటి శరీరములలో కంటికి కనబడని నాచుజీవులు కాపురముండి, సూర్యకాంతితో ఆహారము వండి ఇంటివారికి పెడతవి. అద్దెకున్నవారే యజమానిని పోషించే ఇల్లు బహుశా ఇదొక్కటేనేమో!

వేసవిలో అలవాటైన గరిష్ఠ ఉష్ణోగ్రతకంటె నీరు ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినదా, ఈ కాపురము చెడుతుంది. వేడికి దెబ్బతిన్న నాచునుండి సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి ఆక్సిజన్ యొక్క ఉగ్రరూపములు పుట్టి కణములను పాడుచేస్తవి. పగడము నాచును వెళ్లగొట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది.

అదే ఇంటి గోడలలో ఆస్పర్జిల్లస్, పెనిసిలియం మొదలైన జాతుల బూజులున్నవి. వీటిని సాధువులనుకోరాదు. కొన్ని బూజులు సున్నపు గూటిని తొలుచుకొని పోతవి. పగడము కొత్త సున్నము పూసి వాటిని అడ్డగిస్తుంది. ఆస్పర్జిల్లస్ సిడోవై అనే బూజు 1990 తరువాతి దశకములో కరీబియన్ సముద్రమున విసనకఱ్ఱల వంటి పగడములను చంపినది. కాని వేడికి ఓర్చుటలో ఈ కుటుంబము గట్టిది. ఇందులోని ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ 50 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కూడ పెరుగుతుంది. ఉగ్రమైన ఆక్సిజన్‌ను అణచటానికి బూజులు కెటలేజు వంటి ఎంజైములను, మెలనిన్‌ను, ఫీనాలు జాతి ద్రవ్యములను తయారుచేసుకుంటవి. శాస్త్రజ్ఞుల కన్ను వీటిపైననే.

పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. డీపీపీహెచ్ అనే పదార్థపు ద్రావణము ఊదారంగులో ఉంటుంది. అందులో బూజు సారము కలిపితే, శక్తి ఉన్నట్లయితే, ఊదా విరిగి లేతపసుపు అవుతుంది. విద్యార్థి ఇక్కడ తొందరపడరాదు. విటమిన్ సి కూడ ఆ రంగును విరుస్తుంది. గాజుగొట్టములో జరిగినదెల్ల పగడము శరీరములో, మన శరీరములో జరుగుతుందనటానికి వీలులేదు.

అట్లని ఆశ లేకపోలేదు. 1945లో ఇటలీ దేశపు సార్డీనియా ద్వీపములో, కాల్యారి పట్టణపు మురుగు సముద్రములో కలిసేచోట, జుసెప్పె బ్రోట్జు అనే ఆచార్యుడు ఒక బూజును పట్టుకొన్నాడు. నేడు ఆసుపత్రులలో వాడే సెఫలోస్పోరిన్ మందుల వంశమునకు అదే మూలము. ఆ వంశములో మొదటి మందు బజారుకు వచ్చినది 1964లో. నీటినుండి సీసాకు 19 సంవత్సరములు పట్టినది. లక్షద్వీపపు పగడములు 1998, 2010, 2016లలో, 18 సంవత్సరముల లోపల, మూడు మారులు తెల్లబడినవి.