బుచ్చిబాబు నాయుఁడుగారు

మా కావలి వీధులలో బాలురు క్రికెట్టాడని సాయంకాలము లేదు. ఆ యాటకుఁ జెన్నపురిలో మనవారినడుమ స్థానము కల్పించినవారు బుచ్చిబాబు నాయుఁడుగారు. ఆయన 1868లో తెలుఁగు దుబాసీల యింటఁ బుట్టిరి.

ఆనాఁడు చేపాకమునందలి దొరల క్రీడాభవనమున మనవారికిఁ బ్రవేశము లేదు. ఆటనాఁటి భోజనమైనను చెట్లనీడనే. పంక్తిభేద మెంత నొప్పించునో గృహిణులకు వేఱ చెప్పనేల? ఇరువదేండ్ల ప్రాయముననే, 1888లో, ఆయన మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, స్వధనముతో నాటగాండ్రను దీర్చిదిద్దిరి. తుదకు 1908లో దొరలతో సరిసమానముగాఁ బందెము కుదిర్చి, యది జరుగకమున్నే దివంగతులైరి. కుమారులు రామస్వామిగారు 1936లో భారతజట్టున టెస్టులాడిరి.

సోదరీమణులారా! అవమానమునకు దీటైన ప్రత్యుత్తరము పదిమందికి నీడ నిర్మించుటయే. బిడ్డలకీ కథఁ జెప్పుఁడు.