పదవి పోగొట్టుకున్న డాక్టరు మంత్రి

ఐర్లండులో ఉంటున్న మన డాక్టర్లు తెలుసుకోదగిన పేరు డాక్టర్ నోయెల్ బ్రౌన్. 1915లో వాటర్‌ఫర్డ్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరినీ క్షయ బలిగొంది. ట్రినిటీలో వైద్యం చదివిన ఆయన్నూ ఆ జబ్బు వదలలేదు. మనవైపు లాగే ఇక్కడా ఇంట్లో క్షయ ఉందంటే బయటకు చెప్పుకునేవారు కారు.

1948లో పార్లమెంటులో అడుగుపెట్టిన రోజే ఆరోగ్యమంత్రి అయ్యారు. అప్పటికి వయసు 32. ఆస్పత్రుల లాటరీ నిధిని వడ్డీకి దాచక, అసలు తీసి శానటోరియం పడకలు పెంచారు. బి.సి.జి. టీకాలు, స్ట్రెప్టోమైసిన్ కూడా కలిసివచ్చి మరణాలు వేగంగా తగ్గాయి.

చిక్కంతా తరువాతి పథకంతో వచ్చింది. తల్లులకూ, 16 ఏళ్ళలోపు పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వైద్యం అందాలన్నారాయన. కుటుంబ విషయాల్లో ప్రభుత్వ జోక్యం తగదన్నారు బిషప్పులు. రాబడి పోతుందనీ, సర్కారు నౌకర్లమవుతామనీ వైద్య సంఘం ఎదురుతిరిగింది. మంత్రివర్గం వెనక్కు తగ్గింది. సొంత పార్టీ నాయకుడు షాన్ మెక్‌బ్రైడే రాజీనామా అడిగారు. 1951 ఏప్రిల్‌లో బ్రౌన్ పదవి వదిలి, ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ పత్రికలకిచ్చారు. తెరవెనుక కథ జనం చదివారు.

ఆయన మొండిమనిషే, ఎవరితోనూ ఎక్కువకాలం పొసగలేదు. 1997లో కన్నుమూశారు. కాని నేడు ఈ దేశంలో నివసించే ప్రతి గర్భిణికీ, మన ఆడపడుచులతో సహా, ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఉచిత పరీక్షలున్నాయి. ఆనాడు అడ్డుపడినవారిలో మన వృత్తివారూ ఉన్నారన్న సంగతి మనం మరవరాదు.