నాగారం అంటే ఏ నాగారం?
కూరగాయల బండికి దారి చూపే పరికరం ఎంచుకునే ముందు

కీసర పక్క ఊళ్ల నుంచి తెల్లవారుజామున 4 గంటలకు ఒక ట్రాలీ ఆటో బయలుదేరిందనుకుందాం. నలుగురు చిన్న రైతులు కలిసి కిరాయికి మాట్లాడుకున్న బండి. అందులో పాలకూర, కొత్తిమీర కట్టలు, రెండు బస్తాల వంకాయ, నాలుగు ట్రేల టమాట ఉన్నాయి. నాగారంలో దుకాణం, ఈసీఐఎల్ చౌరస్తాలో హోటల్, మల్లాపూర్‌లో హాస్టల్, నాచారంలో క్యాంటీన్, హబ్సిగూడలో అపార్టుమెంటు, చివరికి ఉప్పల్‌లో కూరగాయల అంగడి. మొత్తం ఆరు చోట్ల సరుకు దించాలి. డ్రైవరు కొత్తవాడు.

దారి తప్పి ముప్పావు గంట తిరిగితే పోయేది డీజిలు ఒక్కటే కాదు. కొత్తిమీర వాడిపోతుంది. హోటల్ వాళ్లు మన కోసం ఆగరు, వేరే చోట కొనేసుకుంటారు. ఆఖరి అంగడికి చేరేసరికి ధర దిగిపోతుంది. అందుకే దారి చూపే పరికరం గురించి రైతులు ఇప్పుడు అడుగుతున్నారు. ఏది కొనాలి? అసలు కొనాలా?

మూడు రకాలున్నాయి

మొదటిది, చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోను. గూగుల్ మ్యాప్స్, మన దేశంలో తయారైన మ్యాపల్స్ వంటివి ఇందులో ఉచితంగానే దొరుకుతాయి. రెండోది, బండి అద్దం దగ్గర బిగించే విడి పరికరం. దీని తెర పెద్దది, పటం లోపలే ఉంటుంది. మూడోది ట్రాకర్. చాలామంది పొరపడేది ఇక్కడే. ట్రాకర్ డ్రైవరుకు దారి చూపదు. బండి ఎక్కడుందో యజమానికి చెబుతుంది, అంతే. కిరాయికి ఇచ్చే సొంత బండి ఉన్నవారికి ఇది పనికొస్తుంది. దారి కోసమని కొంటే డబ్బు దండగ.

మూడింటికీ ఆధారం ఉపగ్రహాలే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతం అందితే మనమెక్కడున్నామో పరికరం లెక్క కడుతుంది. 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే సంకేతంలో కావాలనే తేడా కలిపేది. అప్పట్లో వంద మీటర్ల వరకు తప్పు వచ్చేది. అది తీసేశాక ఆరుబయట కొద్ది మీటర్ల తేడాతో చోటు తెలుస్తోంది. మన ఇస్రో కూడా 2013 నుంచి ఉపగ్రహాలు పంపి నావిక్ అనే సొంత వ్యవస్థ ఏర్పాటు చేసింది. ఈ సంకేతానికి రుసుము లేదు. ఖర్చంతా పరికరానికి, పటానికి, ఇంటర్నెట్‌కే.

పేరు నమ్మితే మోసపోతారు

పరికరంలో నాగారం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి. కీసర దారిలోని నాగారం ఒకటి. సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రమైన నాగారం మరొకటి. బాపట్ల జిల్లాలో నగరం ఉంది, కోనసీమలోనూ నగరం ఉంది. తెలుగులో నాగారం వేరు, నగరం వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకటే! నాచారం సంగతీ అంతే. సిద్దిపేట జిల్లా వర్గల్ మండలంలో నాచారం గుట్ట ఉంది. ఉప్పల్ పేరుతో కమలాపూర్ మండలంలో రైల్వే స్టేషనున్న ఊరుంది.

కాబట్టి ఊరి పేరుతో వెతకవద్దు. కొనుగోలుదారునే ఫోనులో లొకేషన్ పంపమనాలి. లేదా మొదటిసారి వెళ్లినప్పుడు సరుకు దించే గేటు దగ్గరే నిలబడి ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. దానికి ‘మల్లాపూర్ హాస్టల్ వెనక గేటు’ అని మీకు అర్థమయ్యే పేరివ్వాలి. పెద్ద అపార్టుమెంట్లలో సరుకు బండ్లను ముందు గేటులోకి రానివ్వరు. వెనక గేటు గుర్తు లేకుంటే చుట్టూ తిరగాల్సిందే.

వరుస మీరే వేయాలి

గూగుల్ మ్యాప్స్‌లో ఒక ప్రయాణానికి 9 మజిలీల దాకా చేర్చవచ్చు. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది అది తేల్చదు. మీరు ఇచ్చిన వరుసలోనే తీసుకుపోతుంది. వరుస సర్దిపెట్టే యాప్‌లు వేరే ఉన్నాయి. కానీ కొత్తిమీర వాడిపోతుందని వాటికీ తెలియదు.

దూరం కన్నా వేళ ముఖ్యం. హాస్టల్ వంటగది పొద్దున్నే మొదలవుతుంది. అపార్టుమెంటులో 7 దాటితే గాని జనం దిగరు. ఎవరికి ఎన్ని గంటలకు కావాలో ముందు కాగితం మీద రాసుకోవాలి. ఆకుకూర పోయే చోటు ముందు, టమాట, వంకాయ ఆగగల చోటు తర్వాత పెట్టాలి. పైన చెప్పిన బండి నాగారం, ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ, ఉప్పల్ వరుసలో పోతే వెనక్కి తిరగాల్సిన పని లేదు. ఖాళీ బండి ఘట్‌కేసర్ మీదుగా కీసర చేరవచ్చు. సరుకు ఎక్కించేటప్పుడు ఈ వరుసను తిప్పి ఎక్కించాలి. ఆఖరున దించేది అడుగున ఉండాలి.

లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే బండి రోజుకు 6 కిలోమీటర్లు వృథాగా తిరిగితే అర లీటరు. నెలకు 26 ట్రిప్పులైతే 13 లీటర్లు. నలుగురు రైతుల లాభంలోంచి పోయేది ఇదే.

పటం పాతబడితే?

విడి పరికరంలో పటాన్ని ఎప్పటికప్పుడు మార్పించుకోవాలి. కొనేటప్పుడే ఆ ఖర్చు ఎవరిదో అడగాలి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. పనులు ఏళ్ల తరబడి సాగాయి. అలాంటి చోట నిన్నటి దారి ఇవాళ ఉండదు. ఇంటర్నెట్ ఉన్న ఫోనుకు రద్దీ తెలుస్తుంది. లోపలి పటం మీదే నడిచే పరికరానికి తెలియదు.

ఊళ్ల దగ్గర సిగ్నల్ అందకపోతే కంగారు పడవద్దు. ముందురోజు రాత్రే ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులోకి దించుకుంటే సరి. ఇంటర్నెట్ లేకున్నా దారి చూపుతుంది, రద్దీ మాత్రం చూపదు. ఇంకొకటి గమనించాలి. ఈ పటాలు ఎక్కువగా కార్ల కోసం చేసినవి. సరుకు బండ్లకు ఏ వేళల్లో ప్రవేశం లేదో, రైలు కట్ట కింద దారి ఎత్తు ఎంతో అవి చెప్పకపోవచ్చు. అది డ్రైవరే తెలుసుకోవాలి.

ఫోను చేత్తో పట్టుకుని బండి నడపడం నేరం. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి ఫోనును స్టాండుకు బిగించాలి. మాట వినిపించేలా తెలుగు పెట్టుకోవాలి.

ఇక ఏది కొనాలి?

వారానికి ఒకటి రెండు సార్లు, ఐదారు చోట్లకు పోయేవారికి ఉన్న ఫోనే చాలు. ఒక గట్టి స్టాండు, బండిలో చార్జింగు తీగ ఉంటే పని జరుగుతుంది. రోజూ తిరిగే బండికి, ముఖ్యంగా డ్రైవర్లు మారుతుంటే, బండిలోనే ఉండే పాత ఫోను ఒకటి కేటాయించి గుర్తులన్నీ అందులో పెట్టాలి. డ్రైవరు మానేసినా గుర్తులు బండితోనే ఉంటాయి. విడి పరికరం కొనాలనుకుంటే కొట్టులోనే మీ ఆరు మజిలీలు అందులో పెట్టించి చూడాలి. పెట్టడం రాకపోతే డబ్బులివ్వవద్దు.

ఒక్కమాట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. పరికరం గల్లీ దాకా తీసుకుపోతుంది. గేటు తీయించేది, రేపు కూడా రమ్మనిపించేది మన మాటే. కొనుగోలుదారుల ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి బండిలో ఉంచండి. ఫోను ఆరిపోయిన రోజు ఆ కాగితమే దారి చూపుతుంది.