నోరు పూసిందా? గొంతు గరగరా?

వానలు మొదలైతే చాలు, మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి గొంతు పట్టేస్తుంది. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించమంటాను. గరగర తగ్గుతుంది.

నోరు పూస్తే గుప్పెడు లేత జామాకులు కడిగి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగించి, వడగట్టి, చల్లారాక పుక్కిలిస్తాం. తగ్గేదాకా కారం, పులుపు ముట్టం.

అయితే ఒక్క మాట! పుండు రెండు వారాలు దాటినా మానకపోతే వంటింటి వైద్యం ఆపి డాక్టరుకు చూపించాల్సిందే. నొప్పి లేదుగా అని ఊరుకోకండి. నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. జర్దా కిళ్లీ అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలుంటే, వాళ్ల అంగిలి కూడా ఓసారి చూపించండి.